కొట్టివేసిన గీత

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం రెండు నలభై నుంచి మూడు గంటల దాకా జోసఫ్ నిద్రపోయాడంటున్నారు. నిద్రపోతుండగా చూసిన మనిషి ఎవరు?

పదిహేను రోజులుగా ఈ ప్రశ్న అడుగుతున్నాను. మిర్చి రైతుల సంఘం అధ్యక్షుడు అంకమ్మరావు నవ్వి కాఫీ తెప్పించాడు. సంఘం ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునే త్రినాథ్ తల దించుకున్నాడు. మిగిలినవారు "అందరికీ తెలిసిందే కదండీ" అన్నారు. అందరికీ తెలిసిన ఆ సంగతికి ఒక్క సాక్షి కూడా లేడు.

ఈ శీర్షికను కిందటి వారాలలో చదవనివారి కోసం, చదివి మరచినవారి కోసం నాలుగు మాటలు. నేను కోటేశ్వరిని. ముప్పై నాలుగేళ్లు కళాశాలలో గణితం చెప్పి విరమించిన దానిని. మా ఊళ్లో మిర్చి ఆరబోసే కల్లాలు ఐదు. అవి ఊరి ముందు మొదలై, రోడ్డు వెంట ఒకదాని తర్వాత ఒకటిగా సాగి, క్రైస్తవ కుటుంబాలు ఉండే పేట దగ్గర ముగుస్తాయి. ఆ పల్లపు నేలలో సెల్‌ఫోన్ సిగ్నల్ నిలవదు. వాన వస్తోందన్న కబురు ఇరవై నిమిషాల ముందు అందితే కాయలను కుప్ప చేసి పట్టా కప్పవచ్చు. అందకపోతే కాయ తడిసి, రంగు పోయి, తాలుగా మారుతుంది. అందుకే సంఘం ఐదు కల్లాలకూ వైర్‌లెస్ సెట్లు పెట్టింది. ఏ కల్లానికి ఏ చానల్ ఇవ్వాలో లెక్క కట్టింది నేను.

గుడ్ ఫ్రైడే నాడు పేట అంతా చర్చిలో సిలువ ధ్యానాలలో ఉండగా, ఆరాధన మానుకుని పేట కల్లం కాచినవాడు జోసఫ్ ఒక్కడే. త్రినాథ్ మూడుసార్లు పిలిచాడు. జవాబు రాలేదు. పడమటి ఆకాశాన్ని శీతల గిడ్డంగి గోడ కప్పేయడంతో, మబ్బు జోసఫ్‌కు కనిపించేసరికి నెత్తిమీదికి వచ్చేసింది. ఇరవై రెండు కుటుంబాల కాయ తడిసింది.

కిందటి వారం నేను త్రినాథ్ దినచర్య పుస్తకం తెరిచాను. అవే ఇరవై నిమిషాలలో మొదటి కల్లం కావలి రామాంజనేయులు, పట్టాలు చాలడం లేదని అరుస్తూ, అయిదో చానల్‌లో ఆపకుండా మాట్లాడాడని అందులో ఉంది. దాని కిందే, పేట కల్లాన్ని నాలుగో చానల్‌లో మూడుసార్లు పిలిచినట్టు ఉంది. ఆ రెండు వరుసలూ ఒకే పేజీలో చదివి పుస్తకం మూశాను. ఎందుకు మూశానో అప్పుడు మీకు చెప్పలేదు. భయపడి మూశాను.

ఆ భయం అర్థం కావాలంటే మీకు కొంచెం లెక్క తెలియాలి. గ్రాఫ్ సిద్ధాంతంలో దీనిని రేడియో లేబులింగ్ అంటారు. ఒక్కొక్క కల్లం ఒక చుక్క. ఇరుగుపొరుగు కల్లాల మధ్య ఒక గీత. ఒక చుక్క నుంచి మరొక చుక్కకు కనీసం ఎన్ని గీతలు దాటాలో అదే వాటి మధ్య దూరం. దగ్గరగా ఉన్న కల్లాలకు చానల్ సంఖ్యలు బాగా ఎడంగా ఇవ్వాలి, లేకపోతే ఒకరి గొంతు మరొకరి సెట్టులోకి పొంగుతుంది. దూరంగా ఉన్నవాటికి పక్కపక్క సంఖ్యలు ఇచ్చినా ఇబ్బంది లేదు. నియమం ఒక్కటే. ఏ రెండు చుక్కలు తీసుకున్నా, వాటి దూరాన్నీ వాటి సంఖ్యల తేడానూ కలిపితే, ఆ బొమ్మలోని అత్యధిక దూరం కంటే కనీసం ఒకటి ఎక్కువ రావాలి.

రోడ్డు వెంట ఐదు చుక్కలు, నాలుగు గీతలు. అత్యధిక దూరం నాలుగు. కాబట్టి మొత్తం ఎక్కడా అయిదుకు తగ్గరాదు. నేను వరుసగా అయిదు, పదకొండు, ఒకటి, ఎనిమిది, నాలుగు ఇచ్చాను. ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ బొమ్మకు పదకొండు కంటే చిన్న సంఖ్యతో పని జరగదని నిరూపించాను కూడా. సంఘం వారు ఆ బొమ్మకు అద్దం కట్టించి ఆఫీసు గోడకు తగిలిస్తే, కాదనకుండా ఫొటో దిగాను. మొదటి కల్లానికి అయిదు, చివరిదైన పేట కల్లానికి నాలుగు. సంఖ్యల తేడా ఒకటే అయినా వాటి మధ్య నాలుగు గీతల దూరం ఉంది. నాలుగూ ఒకటీ అయిదు. నియమం నిలిచింది.

శనివారం మధ్యాహ్నం మొదటి కల్లం గట్టున నిలబడి, రోడ్డు వైపు కాకుండా వాగు వైపు చూశాను. మా రోడ్డు గుర్రపు లాడంలా వంగి, వాగును చుట్టుకుని, మూడు కిలోమీటర్లు తిరిగి పేటకు చేరుతుంది. నేను పేటకు ఎప్పుడు వెళ్లినా కారులో ఆ దారినే వెళ్లాను. కానీ తుమ్మచెట్ల సందులో, వాగు మీద అడ్డంగా, పాత సిమెంటు కరెంటు స్తంభం ఒకటి పడి ఉంది. పడి ఉంది అనడం సరి కాదు. ఎవరో వేశారు. దాని పైభాగం కాళ్ల రాపిడికి అరిగి, గరుకు పోయి, నున్నగా మెరుస్తోంది.

చెప్పులు చేత పట్టుకుని దాటాను. నాకు డెబ్బై ఏళ్లు. మొదటి కల్లం గట్టు నుంచి పేట కల్లం గట్టు దాకా అడుగులు లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు.

కల్లం అంచున నులక మంచం మీద లిడియా కూర్చుని కాయలు ఏరుతోంది. ఎర్రకాయ ఒక పక్క, తాలు మరో పక్క. తాలు కుప్పే పెద్దది. లిడియా జోసఫ్ తల్లి. ముప్పై ఏళ్లు మా ఇంట్లో పని చేసింది.

"ఎవురది? కోటేశ్వరమ్మగారా! కారేదమ్మా?"

"నడిచి వచ్చాను, లిడియా."

"రోడ్డంతానా!"

"వాగు మీదుగా."

ఆమె చేతిలో కాయ ఆగింది. "స్తంభం మీదనా? జారితే ఎవురు జవాబు చెప్పాలమ్మా?"

"ఇంత దగ్గరని నాకు తెలియదు."

"తెలవదా!" ఆమె నన్ను తేరిపార చూసింది. "ముప్పై ఏళ్లు పొద్దున ఆరింటికల్లా మీ వాకిలి ఊడ్చానే. ఎట్టా వచ్చాననుకున్నారు? రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చాననుకున్నారా?"

నవ్వింది. పళ్లు లేని ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

జోసఫ్ పాకలోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రేపు సంఘం సభలో సంతకం పెట్టేస్తానమ్మా," అన్నాడు, నేనేమీ అడగకుండానే. "అంకమ్మరావుగారు కాగితం రాయించారు."

"ఏమని?"

"కునుకు తీశాను, తప్పయింది అని. పెడితే పేట కల్లాన్ని సంఘంలో ఉంచుతారంట. పెట్టకపోతే ఈ సెట్టు తీసుకుపోయి నాలుగు కల్లాలతో సరిపెట్టుకుంటారంట."

"నువ్వు నిద్రపోయావా?"

అతడు తాలు కుప్ప వైపు తిరిగాడు.

"మొదట్లో లేదనే అన్నానమ్మా. సెట్టు పక్కనే కూసున్నా. గరగరమంటా ఉంది. నన్నెవురూ పిలవలా. కానీ ఇంతమంది అంటుంటే... కళ్లు తెరుచుకునే నిద్రపోయానేమో. తెల్లారుజామున లేచినోణ్ణి గదా. ఇరవై రెండు ఇళ్ల కాయమ్మా. జయకుమారి నా మొహం చూడలేక వేటపాలెం జీడిపప్పు పనికెళ్లిపోయింది. కట్టుకున్నదే నమ్మకపోతే ఇంకెవురికి చెప్పేది?"

పోని నిద్రను పోయానని ఒక మనిషి చేత ఒప్పించడానికి మా ఊరికి పదిహేను రోజులు చాలాయి. కొట్టలేదు, తిట్టలేదు. ఒకే మాటను అందరూ మర్యాదగా, మళ్లీ మళ్లీ అన్నారు.

నాలుగు కావడానికి రెండు నిమిషాలుంది. సరిగ్గా నాలుగింటికి ఆఫీసు నుంచి నాలుగో చానల్‌లో పేట కల్లాన్ని పిలవమని త్రినాథ్‌కు చెప్పి వచ్చాను. అదే సమయంలో అయిదో చానల్‌లో ఐదు నిమిషాలు ఆపకుండా మాట్లాడమని రామాంజనేయులుకు చెప్పాను. రిటైరైన టీచరమ్మ చాదస్తం అనుకుని ఇద్దరూ తల ఊపారు.

పాకలో స్టూలు మీద సెట్టు ఉంది. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగారు. నాలుగయింది. సెట్టు గరగరమంది. ఆ గరగరలో రామాంజనేయులు అరుపు ముక్కలు ముక్కలుగా తేలి మునిగింది. త్రినాథ్ గొంతు లేదు. అతడు కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న ఆఫీసు నుంచి పిలుస్తున్నాడు. రామాంజనేయులు అరుస్తున్నది రెండు వందల పన్నెండు అడుగుల అవతల నుంచి.

"ఇదేనమ్మా!" జోసఫ్ నా చేయి పట్టుకున్నాడు. పట్టుకున్నానని తెలిసి వెంటనే వదిలేశాడు. "ఆ రోజు ఇదే! ఇట్టాగే!"

నాలుగు గంటల అయిదు నిమిషాలకు రామాంజనేయులు ఆపాడు. మరుక్షణం సెట్టులోంచి త్రినాథ్ గొంతు ఎదురుగా నిలబడి పిలిచినంత స్పష్టంగా వచ్చింది. "పేట కల్లం, పేట కల్లం. జోసఫన్నా, వినపడతందా?"

జోసఫ్ సెట్టు అందుకున్నాడు గాని మీట నొక్కలేకపోయాడు. పాక గుమ్మంలోకి వచ్చి, మంచం మీద ఉన్న తల్లి వైపు తిరిగాడు.

"నేను నిద్రపోలేదమ్మా."

"నేను చెప్పలా నీకు?"

"నువ్వు అమ్మవి. నీ మాట ఎవురు లెక్కేస్తారు?"

నా వైపు ఎవరూ చూడలేదు. చూడకపోవడం నాకు ఊరటగా అనిపించింది. ఆ ఊరటను కూడా నా తప్పుల జాబితాలో రాసుకోవాలి.

అప్పుడు కల్లం పక్కనున్న వాళ్ల ఇంట్లోంచి స్తుతి వచ్చింది. స్తుతి జోసఫ్ కూతురు. గుంటూరులో ఎమ్మెస్సీ గణితం చదువుతోంది. కిందటి ఆగస్టులో కల్లాల పటం గీయడంలో నాకు సాయపడింది.

"స్తుతీ," అన్నాను, "లెక్కలో ఒక పొరపాటు జరిగిందమ్మా."

"లెక్కలో పొరపాటు లేదు మేడమ్. నేను నాలుగుసార్లు చూశాను. మీ నిరూపణ సరిగ్గా ఉంది." ఆమె నోటుపుస్తకంలోంచి మడత పెట్టిన కాగితం తీసి నా ముందు పరిచింది. "ఇది గుర్తుందా?"

కాగితం మీద ఐదు చుక్కలు. వాటిని కలుపుతూ నాలుగు కాదు, ఐదు గీతలు. అయిదో గీత పేట కల్లం నుంచి వాగు దాటి మొదటి కల్లానికి వచ్చి, బొమ్మను చుట్టులా మూసింది. చుక్కల పక్కన పెన్సిలుతో ఒకటి, మూడు, అయిదు, రెండు, నాలుగు అని వరుసగా సంఖ్యలు. ఆ అయిదో గీతను ఎరుపు సిరాతో రెండుసార్లు అడ్డంగా కొట్టివేసి ఉంది. పక్కన, ముప్పై నాలుగేళ్లు వేల జవాబు పత్రాలు దిద్దిన అక్షరాలతో, మూడు మాటలు.

ఇది దారి కాదు.

ఆ అక్షరాలు నావి.

పాఠకులు లెక్క మరచిపోకూడదు. ఆ గీత ఉంటే బొమ్మలో అత్యధిక దూరం రెండే. అప్పుడు మొత్తం మూడుకు తగ్గరాదు. మొదటి కల్లానికీ పేట కల్లానికీ మధ్య దూరం ఒకటి. నేనిచ్చిన సంఖ్యల తేడా ఒకటి. ఒకటీ ఒకటీ రెండు. నియమం కూలింది. స్తుతి పెన్సిలు సంఖ్యలు మాత్రం ఎక్కడా తప్పవు. పైగా ఐదు చానళ్లతో సరిపోతుంది. ఆ గీతను కొట్టివేయబట్టే నాకు పదకొండు దాకా కావలసి వచ్చింది. ఆ పదకొండును చూసుకునే నేను గర్వపడ్డాను.

ఆ కాగితాన్ని మరచిపోయానని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. గుర్తుంచుకోదగినదిగా నాకది తోచలేదు.

"అప్పుడు ఎందుకు అడగలేదు?" అన్నాను. ఆ ప్రశ్న నోటి నుంచి వచ్చాకే, ఎంత సిగ్గుమాలిన ప్రశ్నో తెలిసింది.

"పీహెచ్‌డీకి మీరు సిఫారసు ఉత్తరం రాయాలి కదా," అంది స్తుతి. "అందుకని నోరు మూసుకున్నాను. నాన్న మీద నింద వేశాక కూడా, మీరే కనుక్కుంటారని చూస్తూ కూర్చున్నాను. తప్పు మీ ఒక్కరిదే అనడం లేదు."

జోసఫ్ కూతురి మొహంలోకి చూశాడు. ఆ పిల్ల తల దించుకుంది.

"రేపు సభలో నేనే చెబుతాను," అన్నాను. "తప్పు నాదని."

"ఏమని చెబుతారు మేడమ్?"

"దూరం నిర్ణయించడంలో సాంకేతికంగా..."

"సాంకేతికమా?" ఆమె గొంతు పెరగలేదు. "ఇప్పుడు మీ అడుగులు ఎన్ని వచ్చాయి?"

"రెండు వందల పన్నెండు."

"మా నానమ్మ ముప్పై ఏళ్లు, రోజుకు రెండుసార్లు నడిచింది. మీ ఇంటికే. అయినా మీకది దారి కాలేదు. ఎందుకు కాలేదో అది చెప్పండి. అది చెప్పకుండా లెక్క తప్పింది అంటే, అందరూ చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. ఇంకొకరు ఇంకో లెక్క చేస్తారు. ఆ గీత మాత్రం అందులోనూ ఉండదు."

"ఏమే! పెద్దావిడతో అట్టాగేనా మాట్లాడేది?" లిడియా చేతిలోని కాయను మనవరాలి మీదికి విసిరింది.

"అననీ లిడియా," అన్నాను. "ఆ కాగితం నాకు ఇవ్వమ్మా."

స్తుతి ఒక క్షణం ఆలోచించి ఇచ్చింది.

తిరిగి స్తంభం దాటేసరికి అవతలి గట్టున అంకమ్మరావు మోటారుసైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నా భర్త తమ్ముడు. రామాంజనేయులు కబురు చేరవేసినట్లున్నాడు.

"ఈ వయసులో స్తంభాల మీద సర్కస్ ఏమిటి వదినా!" చేయి అందించాడు. "ఒక్క ఫోను కొడితే కారు పంపేవాణ్ణి కదండీ."

"ఇది దగ్గర దారి."

"దారేమిటి వదినా, కూలోళ్లు అడ్డంగా దాటతారు, అంతే."

నా ఎరుపు సిరాకు గొంతు వస్తే అచ్చం అలాగే ఉంటుంది. ఆయన చేయి పట్టుకోకుండా గట్టెక్కాను.

"మొన్నీమధ్య పుస్తకం అడిగారని త్రినాథ్ చెప్పాడు," అన్నాడు, గొంతు తగ్గించి. "వినండి. సెట్లు తప్పంటే అమ్మినవాళ్లు ఊరుకోరు. లెక్క తప్పంటే మీ పేరు, మన ఇంటి పేరు, సంఘం పేరు మూడూ పోతాయి. నిద్ర అంటే పోయేది ఒక్కడి పేరే. వాడికి మాత్రం ఏమవుతుంది? నేనేమన్నా పోలీసుల్ని పిలుస్తున్నానా?"

"సభ ఆదివారం పది గంటలకు ఎందుకు పెట్టావు?"

"అందరికీ తీరిక కదండీ."

"పేటకు అది ఆరాధన వేళ."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "అవును సుమండీ. నాకు తట్టనే లేదు వదినా."

అబద్ధం కాదు. ఆయనకు తట్టలేదు. నాకు తట్టనట్టే. నలభై ఎనిమిదేళ్లుగా ఆయన్ను సంకుచితుడని, నన్ను చదువుకున్నదానినని అనుకుంటూ వచ్చాను. ఆ గట్టు మీద మా ఇద్దరికీ మధ్య దూరం కొలిచి చూస్తే ఒక్క గీత కూడా లేదు.

ఆదివారం పది గంటలకు ఆఫీసు హాలు నిండింది. పేట నుంచి ఇద్దరే. చొక్కా ఇస్త్రీ చేసుకుని బల్ల పక్కన జోసఫ్, గుమ్మం దగ్గర స్తుతి. కిటికీలోంచి చర్చి పాట పలచగా వినిపిస్తోంది. అంకమ్మరావు కాగితం చదివాడు. కునుకు తీశాను, తప్పయింది, క్షమించండి. మర్యాదగా రాసిన వాక్యాలు. జోసఫ్ కలం అందుకున్నాడు. నిద్రపోలేదని ఇప్పుడు అతడికి తెలుసు. అయినా సంతకం పెడతాడు, ఎందుకంటే ఇరవై రెండు ఇళ్లకు ఆ సెట్టు కావాలి. అతడు నా వైపు చూడలేదు. నా నుంచి ఏమీ ఆశించడం లేదని నాకు తెలియజేయడానికే చూడలేదు.

"ఎవరైనా ఏమైనా చెప్పదలచుకుంటే..." అన్నాడు అంకమ్మరావు, నేను కూర్చున్న వైపు తప్ప అన్ని వైపులా చూస్తూ.

లేచాను. గోడ దగ్గరికి నడిచి, మేకు నుంచి పటం దించాను. వెనక రేకు ముక్కలు విప్పి అద్దం తీసేశాను. నా ఐదు చుక్కలు, నా నాలుగు గీతలు. స్తుతి కాగితాన్ని దాని పక్కన పరిచి, సంచిలోంచి ఎరుపు కలం తీశాను.

"జోసఫ్, ఆగు," అన్నాను. కలం మొనను మొదటి చుక్క మీద పెట్టాను. "ఆ రోజు నువ్వు నిద్రపోలేదు. నేను ఈ గీతను కొట్టివేశాను. ఇక్కడ దారి ఉంది."

హాలులో గుసగుసలు. అంకమ్మరావు నవ్వాడు. నలుగురినీ తన వైపు తిప్పుకునే నవ్వు అది.

"వదినా, మీరు ఈ ఊరికి కోడలుగా వచ్చి నలభై ఎనిమిదేళ్లు. అక్కడ దారే ఉంటే, ఇన్నేళ్లూ మీకెందుకు కనపడలేదండీ?"

అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర స్తుతి మాత్రం నవ్వలేదు. ఆమె నన్ను నిన్న అడిగిన ప్రశ్న అదే. ఆయన వెటకారంగా అడిగినా, పదహారు రోజుల్లో ఈ హాలులో వినిపించిన మొదటి సరైన ప్రశ్న అదే. జోసఫ్ కలం కాగితానికి వేలెడు ఎత్తులో ఆగి ఉంది. నాకు జవాబు తెలుసు. నా ఎరుపు కలం మొన ఇంకా మొదటి చుక్క మీదే ఉంది.

నన్ను అలా నిలబెట్టి చూస్తున్న మీరు కూడా ఊరికే కూర్చోవద్దు. ఒక తెల్ల కాగితం తీసుకోండి. మీ ఇంటిని ఒక చుక్కగా పెట్టండి. మీ వాకిలి ఊడ్చే మనిషి ఇంటిని మరొక చుక్కగా పెట్టండి. ఆ మనిషి రోజూ ఏ దారిన నడిచి వస్తుందో, ఆ దారిని వాటి మధ్య గీతగా గీయండి. అది మీకు తెలియకపోతే నా మీద తీర్పు చెప్పకండి. ముందు వెళ్లి, ఆమెను అడిగి, ఆ దారిన నడిచి, అడుగులు లెక్కపెట్టి రండి.